పట్టేసిన ఇంజను - మా కారు చెప్పిన ఉష్ణ పాఠం

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

ఉష్ణ వ్యాకోచం గురించి మన పాఠ్యపుస్తకంలో ఉన్న పేజీలు నాకు మొదటి సంవత్సరంలోనే కంఠతా వచ్చు. ఇనుము ఎంత సాగుతుందో, అల్యూమినియం ఎంత సాగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అయినా 2024 మే నెలలో, పేరేచర్ల దాటిన తరువాత నడిరోడ్డు మీద, మా తాతయ్య కొన్న అంబాసిడర్ కారు ఇంజనుని నా చేతులతో నేనే పాడుచేశాను. ఆ తరువాత ఇరవై ఆరు రోజులు షెడ్డులో కూర్చుని దాన్ని మళ్ళీ కట్టడంలో సాయం చేశాను. ఆ ఇరవై ఆరు రోజుల్లో తెలిసినదే ఈ వ్యాసం. మా అధ్యాపకులు ఇందులో తప్పులుంటే మన్నించి సరిదిద్దాలి. మిత్రులు మాత్రం నవ్వుకోవచ్చు, నాకభ్యంతరం లేదు.

ముందు జరిగింది చెబుతాను. అమ్మమ్మకి గుంటూరులో కంటి ఆపరేషను అయింది. కట్టు కట్టి, ఎండ తగలకుండా ఇంటికి తీసుకెళ్ళమన్నారు. నాన్న మిరపకాయల పని మీద యార్డులో ఉండిపోయాడు. కారు నేను తీశాను. పేరేచర్ల దగ్గర ఉష్ణోగ్రత ముల్లు మెల్లగా ఎర్రగీత వైపు పోవడం చూశాను. ఆపుదామంటే చెట్టు నీడ కూడా లేదు. వెనక సీట్లో అమ్మమ్మ కంటికి కట్టుతో పడుకుని ఉంది. కాస్త నెమ్మదిగా పోనిచ్చాను. రెండు నిమిషాల్లో ముల్లు దానంతటదే దిగింది, మధ్యకి వచ్చి నిలబడింది. "హమ్మయ్య, చల్లబడింది" అనుకుని మళ్ళీ వేగం పెంచాను. ఇంకో నాలుగైదు కిలోమీటర్లు పోయాక ఇంజనులో టకటకమని చప్పుడు, కాలిన వాసన, తరువాత ఎవరో లోపలి నుంచి పట్టుకుని లాగినట్టు కారు ఆగిపోయింది.

బానెట్ ఎత్తాను. పై హోస్ పైపు నిలువుగా చీలి ఉంది. నీటిచుక్క లేదు. పక్క పొలంలో మోటారు దగ్గర్నుంచి ఒకాయన పాపం బకెట్టుతో చల్లటి బోరు నీళ్ళు తెచ్చిచ్చాడు. చీలిన పైపుకి అమ్మమ్మ తువ్వాలు చుట్టి, ఆ నీళ్ళన్నీ రేడియేటరులో కుమ్మరించాను. బుస్సుమని ఆవిరి లేచింది. దాని వెనకే ఇంజను లోపల ఎక్కడో "టిక్" మని చిన్న శబ్దం. గోరుతో గాజుగ్లాసు మీద కొట్టినంత. నేను దాన్ని పట్టించుకోలేదు.

అమ్మమ్మని ఆటోలో పంపి, కారుని తాడు కట్టి గుంటూరు షెడ్డుకి లాక్కొచ్చాం. మేస్త్రీ గారు అంతా విని, "ముల్లు దిగిందని తోలావా? ఆ పైన చల్లనీళ్ళు కూడా పోశావా? నువ్వు పోసింది నీళ్ళు కాదు అబ్బాయ్, మీ నాన్న డబ్బులు" అన్నారు. నాన్న మాత్రం అరవలేదు. ఒకే ఒక్క మాట అడిగాడు: "ఫిజిక్సు చదువుతున్నావు కదరా?"

దానికి ఆరోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది.

ఇంజనులో పెట్రోలు మండినప్పుడు ఆ క్షణంలో వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. పిస్టన్లు చేసే అల్యూమినియం మిశ్రమం 600 డిగ్రీల చుట్టుపక్కలే కరుగుతుంది. పోత ఇనుము కూడా 1200కి అటూఇటూగా కరిగిపోతుంది. అయినా ఇంజను కరగదంటే కారణం చుట్టూ తిరిగే నీళ్ళు. పెట్రోలులోని శక్తిలో రమారమి నాలుగో వంతు మాత్రమే చక్రాలకి పనికొస్తుంది. దాదాపు మూడో వంతు నీళ్ళు మోసుకుపోయి రేడియేటరులో గాలికి అప్పగిస్తాయి. మిగతాది పొగగొట్టం దారిన పోతుంది. అంటే మన కారు బండి లాగడం కంటే నీళ్ళు కాచడానికే ఎక్కువ ఖర్చుపెడుతుందన్నమాట.

ఆ నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరగకుండా ఉండటానికి రేడియేటరు మూతకి స్ప్రింగు పెడతారు. మా కారు మూత మీద 7 అని అంకె ఉంది. చదరపు అంగుళానికి 7 పౌండ్ల అదనపు పీడనం వచ్చేదాకా మూత తెరుచుకోదని దానర్థం. ఆ పీడనంలో నీరు దాదాపు 111 డిగ్రీల దాకా మరగదు. ప్రెషర్ కుక్కరు సూత్రమే. చిక్కల్లా ఎక్కడంటే, పైపు చీలిన మరుక్షణం లోపలి పీడనం బయటి గాలితో సమానమైపోతుంది. అప్పటికి నీళ్ళు 105 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకోండి. నూరుకి దిగాలి. ఆ అయిదు డిగ్రీల వేడి ఎక్కడికి పోతుంది? లీటరు నీటిలో అది 21 కిలోజౌళ్ళు. నీటి గుప్తోష్ణం కిలోకి 2257 కిలోజౌళ్ళు కాబట్టి తొమ్మిది గ్రాముల పైచిలుకు నీరు తక్షణం ఆవిరవుతుంది. తొమ్మిది గ్రాములేగా అనిపిస్తుంది. కానీ ఆ ఆవిరి పదిహేను లీటర్ల చోటు అడుగుతుంది! ఆ ఆవిరే మిగిలిన నీళ్ళని కూడా చీలికలోంచి బయటికి తన్నేస్తుంది. అందుకే చిన్న చీలికకి కూడా నిమిషాల్లో ఇంజను ఖాళీ అయిపోతుంది.

ఇక ముల్లు సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. ముల్లుకి కబురందించే మొన ఇంజను హెడ్డు పైభాగంలో ఉంటుంది. అది ఇనుము ఎంత వేడిగా ఉందో చెప్పదు, తనను తాకుతున్న నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో చెబుతుంది. నీళ్ళు పోయాక దాని చుట్టూ మిగిలేది గాలీ, ఆవిరీ. నీరు ఇచ్చినంత వేగంగా గాలి వేడినివ్వలేదు. అందుకని ముల్లు పడిపోతుంది. అంటే ముల్లు దిగినప్పుడు నా ఇంజను చల్లబడలేదు, దాని గురించి చెప్పేవాడు చచ్చిపోయాడు. నేను సంతోషించిన ఆ రెండు నిమిషాలే అసలు ప్రమాదం. ముల్లు కారణం లేకుండా ఒక్కసారిగా పడిపోతే, పైకి ఎక్కినప్పటి కంటే ఎక్కువ భయపడాలి. వెంటనే ఆపి తాళంచెవి తిప్పెయ్యాలి. నీడ ఉందా లేదా అని చూడకూడదు.

మరునాడు నాన్న షెడ్డుకి వచ్చాడు. మేస్త్రీ గారు రెండు దారులు చెప్పారు. తుక్కుకి అమ్మెయ్యడం, లేదా ఫుల్ ఇంజను కట్టడం. అంబాసిడర్ల తయారీ ఉత్తర్‌పారాలో 2014లోనే ఆగిపోయింది, సామాను వెతుక్కోవాలి. నాన్న చాలాసేపు కారు వంక చూశాడు. ఆ కారులోనే అమ్మని పెళ్ళి చేసుకుని తెచ్చాడు. "కట్టండి. సామానుకి డబ్బు నేనిస్తా. హెల్పరు కూలి మాత్రం ఇవ్వను, వీడు చేస్తాడు" అన్నాడు. అలా నా వేసవి సెలవులు గడిచాయి.

హెడ్డు ఎత్తగానే సగం కథ కనిపించింది. హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే ప్యాకింగు 2, 3 సిలిండర్ల నడుమ కాలి నల్లబడింది. అడుగున నూనె తీస్తే పాలు ఎక్కువైన కాఫీ రంగులో వచ్చింది. నీరు కలిసిన నూనె అలాగే ఉంటుంది. నా బకెట్టు నీళ్ళలో కొన్ని అక్కడికి చేరాయి. రెండో పిస్టను గోడకి అతుక్కుపోయింది. చెక్కదిమ్మె పెట్టి సుత్తితో కొడితే గానీ రాలేదు. దాని పక్కలమీద నిలువు గీతలు, సిలిండరు గోడకి పూసినట్టు అల్యూమినియం.

ఎందుకు పట్టేసింది? ఈ ఇంజనులో సిలిండరు వ్యాసం 73.025 మిల్లీమీటర్లు, పిస్టను నడక 88.9 మిల్లీమీటర్లు. నాలుగింటికి లెక్కగడితే 1489 ఘన సెంటీమీటర్లు వస్తుంది, కాగితం మీద చేసి చూడండి. నూరు డిగ్రీల వేడి పెరిగితే పోత ఇనుప సిలిండరు వ్యాసం సుమారు 0.08 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అల్యూమినియం పిస్టను దానికి రెట్టింపు, 0.16 పెరుగుతుంది. రెండింటి మధ్య చల్లగా ఉన్నప్పుడు ఉండే ఖాళీయే మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు. ఇక చోటెక్కడిది? పైగా వేడికి నూనె నీళ్ళలా పలచబడి గోడ మీద పొర నిలవదు. లోహం లోహాన్ని రాసుకుంటుంది, రాపిడి వేడి మరింత పెంచుతుంది. మధ్య సిలిండర్లే ముందు దెబ్బతినడానికి ఇంకో కారణం ఉంది. ఈ ఇంజనులో 2, 3 సిలిండర్ల పొగ ఒకే దారిలో బయటికి పోతుంది. చివరి సిలిండర్లకి ఒక పక్కైనా చల్లదనం ఉంటుంది, వీటికి రెండు పక్కలా వేడే.

హెడ్డు మీద ఉక్కు బద్ద నిలబెట్టి కింద ఫీలర్ గేజి రేకు దూర్చి చూశాం. మధ్యలో 12 థౌ దూరింది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, షెడ్డులో అందరి భాషా అదే. మూడు నాలుగు థౌ దాటితేనే గీయించమంటారు. వేడెక్కిన హెడ్డు సాగాలనుకుంటుంది, బోల్టులు కదలనివ్వవు. లోపల్లోపలే నలిగిపోయి, చల్లారాక విల్లులా వంగుతుంది. సరే, ఫేసింగు చేయిస్తే పోతుందనుకున్నాను. మేస్త్రీ గారు నవ్వి, "ముందు బుడగలు చూద్దాం" అన్నారు. హెడ్డులోని నీటి దారులన్నీ మూసి, గాలి ఎక్కించి, వేడినీళ్ళ తొట్టిలో ముంచారు. 2, 3 సిలిండర్ల ఎగ్జాస్టు వాల్వుల సీట్ల మధ్య నుంచి సన్నగా బుడగల వరస.

ఆ "టిక్" శబ్దం అదే. కాలుతున్న ఇనుముకి ఒకపక్క చల్లనీళ్ళు తగిలితే ఆ పొర ముడుచుకుంటుంది, వెనకనున్న వేడిభాగం ముడుచుకోదు. పైపొర మీద లాగుడు పడుతుంది. పోత ఇనుము నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే దానికి ఆ బలంలో మూడో నాలుగో వంతే ఉంటుంది. పగిలింది. నేను నీళ్ళు పొయ్యకుండా గంటసేపు రోడ్డుపక్కన కూర్చుని ఉంటే, ప్యాకింగూ పిస్టన్లూ ఎలాగూ పోయేవి గానీ హెడ్డు ఫేసింగుతో దక్కేదేమో. ఈ మాట నాన్నకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

పాత సామాను కొట్లు మూడు తిరిగి, నాలుగో దాంట్లో ఒక పాత హెడ్డు సంపాదించాం. దాన్నీ బుడగల పరీక్ష చేశాకే డబ్బిచ్చాం. దాన్ని ఎనిమిది థౌ గీయించి చదును చేశారు. ఎక్కువ గీస్తే మంట గది చిన్నదై సంపీడన నిష్పత్తి పెరుగుతుంది, ఇంజను కొట్టుకుంటుంది. అందుకని చదునుకి ఎంత కావాలో అంతే.

నాకు బాగా సిగ్గనిపించిన రోజు ఆరోది. క్రాంక్ షాఫ్టు మెడల్ని మైక్రోమీటరుతో కొలవమన్నారు. మన ప్రయోగశాలలో స్క్రూ గేజి లాంటిదే, కాస్త పెద్దది. సున్నా దోషం చూడటం అనే పని నేను రికార్డులో అక్షరాలా రాశాను గానీ ఎన్నడూ మనసుపెట్టి చెయ్యలేదు. మొదటి సంవత్సరం నా రీడింగులు ఎక్కడివో మా బెంచీ వాళ్ళకి తెలుసు. నేను కొలిచి చెప్పిన అంకెల ప్రకారం మెడలు బాగానే ఉన్నాయి. మేస్త్రీ గారు మైక్రోమీటరు తీసుకుని ఖాళీగా మూసి చూపించారు. గీతలు కలవలేదు, దాదాపు ఒక థౌ తేడా. చదువు ఎనిమిదో తరగతితో ఆపేసిన మనిషి, సున్నా దోషాన్ని ఆ పేరు తెలియకుండానే రోజూ చూసుకుంటాడు. మళ్ళీ కొలిస్తే రెండు మెడలు అరిగాయని తేలింది. నా అంకెతో బేరింగులు వేసి ఉంటే నూనె పీడనం నిలిచేది కాదు. క్రాంకుని పది థౌ గ్రైండింగు చేయించి, దానికి తగిన బేరింగులు తెచ్చాం.

సిలిండర్లని పైన, మధ్య, కింద, రెండేసి దిక్కుల్లో కొలిచాం. గుండ్రంగా లేవు, అండాకారంలో ఉన్నాయి. పైగా తాతయ్య కాలంలోనే ఒకసారి ఇరవై థౌ బోరింగు అయింది. ఈసారి నలభై థౌకి పోవాల్సి వచ్చింది, నాలుగు సిలిండర్లూ. ఒకటి గీస్తే నాలుగూ గీయాలి, లేకపోతే బరువులు సమానంగా ఉండవు. లేతు షాపుకి ముందు పిస్టన్లు తీసుకెళ్ళి ఇవ్వాలి, వాటిని కొలిచి దానికి తగ్గట్టు బోరు చేస్తారు. నేను ఇది తలకిందులుగా అనుకునేవాణ్ణి. ఇప్పుడు వ్యాసం 74.04 మిల్లీమీటర్లు, ఇంజను 1531 ఘన సెంటీమీటర్లు. ఈ లెక్క గొప్పగా చెబితే నాన్న, "అయితే లీటరుకి ఎంతొస్తది?" అన్నాడు. బోరింగు తరువాత రాయితో ఏటవాలుగా అడ్డగీతలు గీస్తారు, దాన్ని హోనింగు అంటారు. అద్దంలా నున్నగా ఉంటే నూనె నిలవదు. ఆ గీతల్లోనే నూనె ఉండి రింగుల్ని కాపాడుతుంది.

ఇంత చేసి, అసలు పైపు ఎందుకు చీలిందో చూడకపోతే మళ్ళీ అదే కథ. బ్లాకు పక్కన ఉండే గుండ్రటి రేకు మూతలు ఊడదీసి లోపల గీకితే తట్టెడు తుప్పూ బురదా వచ్చాయి. గోడలకి తెల్లగా గార. మా ఊరి బోరు నీళ్ళు బిందెకి కట్టే గారే ఇది. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళే రేడియేటరులో పోశాం. గారలో వేడి పారే వేగం ఇనుములో కంటే పాతికరెట్లు తక్కువనుకున్నా, ఒక మిల్లీమీటరు గార అంటే పాతిక మిల్లీమీటర్ల మందం ఇనుప గోడ అదనంగా కట్టినట్టు. రేడియేటరు గొట్టాలు సగం మూసుకుపోయాయి. ఇంజను రోజూ కాస్త ఎక్కువ వేడిలోనే తిరిగేది, రబ్బరు పైపు ఆ వేడికి మెత్తబడి ఉబ్బి ఎప్పట్నుంచో చీలడానికి సిద్ధంగా ఉంది. పైపుని వేళ్ళతో నొక్కి చూస్తే ఎవరికైనా తెలిసేది. మేం ఎవరం నొక్కలేదు.

థర్మోస్టాటు కూడా లేదు. "మన ఎండలకి అదెందుకు" అని ఎప్పుడో ఎవరో తీసేశారు. ఈ అలవాటు మన ప్రాంతంలో చాలామందికి ఉంది. నీళ్ళు వేడెక్కేదాకా రేడియేటరు దారి మూసి ఉంచడం దాని పని. అది లేకపోతే ఇంజను వేడెక్కడానికి ఆలస్యమై రింగులూ గోడలూ త్వరగా అరుగుతాయి, నూనెలో మడ్డి చేరుతుంది. కొత్తది తెచ్చి ఇంట్లో అమ్మ గిన్నెలో నీళ్ళు కాచి, థర్మామీటరు పెట్టి చూశాను. 82 దగ్గర కన్ను తెరిచినట్టు తెరుచుకుంది. అమ్మ కూడా వంగి చూసింది. ఈసారి బోరు నీళ్ళు పొయ్యలేదు. డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ సగం సగం కలిపి పోశాం.

బిగింపు పని గురించి చాలా చెప్పొచ్చు గానీ ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఈ ఇంజనులో వరసగా ఎనిమిది వాల్వులు ఉంటాయి. ఏ వాల్వు గ్యాపు ఎప్పుడు సరిచెయ్యాలనేదానికి మేస్త్రీ గారు చెప్పిన సూత్రం "తొమ్మిది". ఒకటో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదో దాన్ని చూడాలి. మూడోది తెరుచుకుంటే ఆరోదాన్ని. కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. ఎందుకో ఆయనకి అక్కర్లేదు. నేను రాత్రి కూర్చుని బొమ్మ గీసుకుంటే తేలింది. 1-4, 2-3 పిస్టన్లు జంటలుగా లేచి దిగుతాయి, కానీ వాటి పనుల మధ్య సరిగ్గా ఒక చుట్టు తేడా ఉంటుంది. వాల్వుల వరస కూడా అద్దంలో బొమ్మలా అటూ ఇటూ ఒకటే. అందుకని ఒకటి పూర్తిగా తెరిచినప్పుడు దాని అద్దపు జోడీ పూర్తిగా మూసి ఉంటుంది. మరునాడు ఇది వివరిస్తే ఆయన ఓపిగ్గా విని, "మరి తొమ్మిదేగా?" అన్నారు.

హెడ్డు బోల్టుల్ని మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, టార్క్ రెంచితో బిగించాం. ఒక చివర నుంచి మొదలుపెడితే ప్యాకింగు ముడతపడి గాలి బంధింపబడుతుంది. పిస్టన్లు దించేటప్పుడు నా తొందరకి ఒక రింగు విరిగింది. దాని ఖరీదు నా జేబులోంచే పోయింది. మొత్తం ఖర్చు నలభై ఆరు వేలు, ఆ యేటి మా పంటలో ఆరేడు టిక్కీల మిరపకాయలు.

ఇరవై ఆరో రోజు సాయంత్రం తాళంచెవి తిప్పాను. మొదటిసారి దగ్గింది, రెండోసారి లేచింది. మొదటి ఎనిమిది వందల కిలోమీటర్లు నెమ్మదిగా, ఒకే వేగంలో కాకుండా మార్చి మార్చి నడిపి, నూనె మార్చి, హెడ్డు బోల్టులు మళ్ళీ ఒకసారి సరిచూశాం. రెండో కంటి ఆపరేషనుకి అమ్మమ్మని ఆ కారులోనే తీసుకెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు పేరేచర్ల దాటాక వెనక సీట్లోంచి అడిగింది: "ముల్లు చూస్తన్నావా, నాయనా?"

"చూస్తన్నాను అమ్మమ్మా."

"పైకి పోతే ఆపు. కిందికి పోయినా ఆపు."

పగిలిన పాత హెడ్డుని తుక్కుకి వెయ్యకుండా ఇంటికి తెచ్చుకున్నాను. మా భౌతికశాస్త్ర అధ్యాపకులు చూడాలన్నారు కాబట్టి ఈ నెలలో దాన్ని ప్రయోగశాలకి మోసుకొచ్చి కిటికీ పక్క బల్ల మీద పెట్టాను. పగులు రెండో, మూడో సిలిండర్ల ఎగ్జాస్టు సీట్ల మధ్య ఉంది. భూతద్దం అక్కర్లేదు.